చెవులతో కట్టిన భవనం

పిల్లల ముందు లెగో ఇటుకలు పోసి, ఇంతసేపూ మీరు తిరిగిన చోటు ఎలా ఉందో కట్టి చూపించమన్నారు. చూపులేని ఆ పిల్లలు నడవాలు, తలుపులు, మలుపులు ఒక్కొక్కటిగా పేర్చి చూపించారు. అలాంటి చోటు భూమ్మీద ఎక్కడా లేదు. 1990ల చివర్లో చిలీలో హైమే సాంచెజ్, మౌరీసియో లుంబ్రెరాస్ తయారుచేసిన ‘ఆడియోడూమ్’ అనే కంప్యూటర్ ఆటలో, శబ్దాలతోనే అల్లిన చోటు అది.

మరి నిజంగా ఉన్న భవనాన్నే ఆటలో పెడితే? సాంచెజ్ ఆ పని హార్వర్డ్ శాస్త్రవేత్త లోత్ఫీ మెరాబెట్‌తో కలిసి చేశారు. అమెరికాలో బోస్టన్ దగ్గరి న్యూటన్‌లో, చూపులేనివారికి శిక్షణనిచ్చే కారల్ సెంటర్ ఉంది. అక్కడి రెండంతస్తుల భవనం ప్లానుతో ‘ఏబెస్’ అనే ప్రోగ్రామ్ రాశారు. మీట నొక్కితే ఒక అడుగు పడుతుంది, అదీ దాదాపు నిజం అడుగంత. తలుపు కుడిపక్కన ఉంటే కుడి చెవిలోనే తట్టిన చప్పుడు వినిపిస్తుంది. ఏ దిక్కుకు తిరిగి ఉన్నారో ఒక గొంతు చెబుతుంది. గదుల్లో దాచిన మణులను వెతికి బయటికి చేర్చాలి. ఈలోగా రాక్షసులు ఎదురైతే మణిని లాక్కుని ఇంకెక్కడో దాచేస్తారు.

2012లో వెలువడిన వారి అధ్యయనంలో ఒక సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. కొందరికి అదే ప్రోగ్రామ్‌తో ఒక్కో దారినీ వరసగా నేర్పారు. మరికొందరిని ఆటకు వదిలేశారు. భవనం ఆనుపానులు గుర్తుపెట్టుకోమని వాళ్లకెవరూ చెప్పలేదు. తర్వాత అసలు భవనంలోకి తీసుకెళ్తే రెండు జట్లవాళ్లూ గదులు కనుక్కోగలిగారు. కానీ ఉన్నచోటి నుంచి అతి దగ్గర దారిలో బయటపడమన్నప్పుడు ఆటాడినవాళ్లే ముందున్నారు. బట్టీపట్టిన దారిలో ఒక్క మలుపు తప్పితే మళ్లీ మొదటికి రావాలి. ఆటలో మాత్రం రాక్షసుడు అడ్డొస్తే వెనక్కి మళ్లాలి, ఇంకో దారి వెతకాలి. అలా తిరిగి తిరిగి దారులన్నీ ఒకదానితో ఒకటి కలిసి మనసులో పటమైపోయాయని నాకనిపిస్తుంది. చూపులేని పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించడంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ దారి తప్పి నేర్చుకునే అవకాశాన్ని కూడా ఆ చేత్తోనే తీసేస్తున్నాం.

ఇదంతా చెవి చదువు. తెల్లకర్ర కొనతో నేలను తడిమి తెలుసుకునేది వేరే ఉంది. 2018లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో రూపొందిన ‘కేన్‌ట్రోలర్’ దాన్ని పట్టుకోవాలని చూసింది. చేతిలోని కర్ర, నడుముకు కట్టుకున్న బ్రేకుతో కలిసి ఉంటుంది. ఖాళీ గదిలో ఊపుతున్న కర్ర, అక్కడ లేని గోడకు ‘తగలగానే’ బ్రేకు పట్టి ఆపేస్తుంది. కర్రలోని కాయిల్ కంపించి కింద ఉన్నది తివాచీయో గచ్చో తెలియజేస్తుంది. తగిలిన చప్పుడు కూడా అటువైపు నుంచే వస్తుంది. 2020 నాటికి మూడు దిశల్లోనూ పట్టే బ్రేకు వచ్చింది. 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న వర్చువల్ గదిలో వస్తువులు వెతకమంటే, 8 మందిలో ఏడుగురు అడ్డంకులు తప్పించుకుంటూ వెతకగలిగారు.

రద్దీ రోడ్డు దాటడాన్ని ప్రాణభయం లేకుండా సాధన చేయాలంటే ఇలాంటి కర్రే కావాలి. కానీ దానికి ఖాళీ గది, ప్రత్యేక పరికరాలు ఉండాలి. ఏబెస్‌కు మామూలు కంప్యూటరూ హెడ్‌ఫోన్లూ చాలు. అందుకే ముందు ఇది బడులకు చేరాలని నా కోరిక. కొత్త కాలేజీలో చేరబోయే చూపులేని విద్యార్థికి అడ్మిషన్ కాగితాలతోపాటే ఆ భవనం ప్లానుతో చేసిన ఇలాంటి ఆట కూడా ఇవ్వాలి.