అండమాన్‌కు కేబుల్ వచ్చింది.. మరి పరిశోధన డేటా క్లౌడ్‌కు ఏ దారిన వెళ్లాలి?

దక్షిణ అండమాన్‌లో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) శివార్లలో ఆస్టినాబాద్ ఉంది. దానికి దగ్గర్లోని గారాచర్మలో కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ పనిచేస్తోంది. డాలీగంజ్‌లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కేంద్రం, బ్రూక్షాబాద్‌లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయ ప్రాంగణం, పహార్‌గావ్‌లో అంబేడ్కర్ సాంకేతిక కళాశాల ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ చెన్నై - అండమాన్ నికోబార్ సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. దాదాపు 2,300 కిలోమీటర్ల ఈ కేబుల్‌కు సుమారు రూ.1,224 కోట్లు ఖర్చయింది. అంతకుముందు బయటి ప్రపంచంతో ఇంటర్నెట్ సంబంధాలకు ద్వీపాలకు ఉపగ్రహాలే దిక్కు.

అయితే ఇల్లలకగానే పండగ కాదు. పరిశోధన డేటాను నిల్వ చేసే పని, విశ్లేషించే పని ఇప్పుడు ఎక్కువగా క్లౌడ్‌లోకి మారుతున్నాయి. ఆ క్లౌడ్‌కు డేటా ఏ దారిలో వెళ్తుంది, తిరిగి తెచ్చుకోవాలంటే ఎంత కట్టాలి అన్నది కేబుల్ ఒక్కటే తేల్చే విషయం కాదు.

కేబుల్‌తో ఏం మారింది?

భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సంకేతం అక్కడికి వెళ్లి కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిలో రావడానికి సుమారు అర సెకను పడుతుంది. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి సముద్రం మీదుగా దూరం 1,360 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఫైబర్‌లో కాంతి ఈ దూరాన్ని పోయి రావడానికి సెకనులో 70వ వంతు చాలు.

సామర్థ్యంలో తేడా ఇంకా పెద్దది. ఒక టెరాబైట్ డేటాను సెకనుకు 10 మెగాబిట్ల లైన్‌లో పంపితే తొమ్మిది రోజులు దాటుతుంది. ఒక గిగాబిట్ లైన్‌లో రెండుంపావు గంటలు చాలు. పగడపు దిబ్బల వీడియోలు, జన్యుక్రమాల ఫైళ్లు, సముద్ర నమూనాల ఫలితాలు టెరాబైట్లలోనే ఉంటాయి.

పరిశోధన నెట్‌వర్క్ అంటే ఏమిటి?

విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు తమ కోసమే నడుపుకొనే ప్రత్యేక నెట్‌వర్క్ ఇది. అమెరికాలో ఇంటర్నెట్2, ఐరోపాలో జియాంట్, బ్రిటన్‌లో జానెట్ ఇలాంటివే. మన దేశంలో దీనికి పునాది 1986లో మొదలైన ఎర్నెట్. ఆ తర్వాత 2010 మార్చిలో కేంద్ర మంత్రివర్గం నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు (ఎన్‌కేఎన్) ఆమోదం తెలిపింది. రూ.5,990 కోట్ల అంచనాతో 1,500 సంస్థలను కలపాలన్నది అప్పటి లక్ష్యం. అమలు బాధ్యత నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్‌ది.

మామూలు బ్రాడ్‌బ్యాండ్‌ను వేలాది మంది వాడకం సగటును లెక్కవేసి అమ్ముతారు. పరిశోధన నెట్‌వర్క్ అలా కాదు. ఒక ప్రయోగశాల ఉన్నట్టుండి పెద్ద డేటాను పంపినా తట్టుకునేలా దాన్ని కడతారు.

క్లౌడ్‌తో నేరుగా కలపడం ఎందుకు?

ఔటర్ రింగ్ రోడ్డు ఎంత వెడల్పుగా ఉన్నా, గోదాముకు వెళ్లాలంటే దిగి ఇరుకు బజారు గుండా పోవాల్సి వస్తే లారీ అక్కడ ఆగిపోతుంది. పరిశోధన నెట్‌వర్క్‌కు, క్లౌడ్ సంస్థకు మధ్య నేరు లింకు లేకపోతే జరిగేది ఇదే. డేటా వాణిజ్య ఇంటర్నెట్ మీదుగా చుట్టు తిరిగి వెళ్తుంది.

దీనికి పరిష్కారం పీరింగ్. రెండు నెట్‌వర్క్‌లు ఒకే డేటా సెంటర్‌లోనో, ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్‌లోనో తమ పరికరాలను కలిపి, మధ్యవర్తి లేకుండా డేటా ఇచ్చిపుచ్చుకుంటాయి. మరింత భద్రత, స్థిరమైన వేగం కావాలంటే ప్రైవేటు లింకు తీసుకుంటారు. ఇంటర్నెట్2 తన సభ్య విశ్వవిద్యాలయాలకు ‘క్లౌడ్ కనెక్ట్’ పేరుతో ఇలాంటి సేవ అందిస్తోంది. ఒక్కో విశ్వవిద్యాలయం విడివిడిగా లైన్లు కొనుక్కోనక్కర్లేదు.

బిల్లు ఎక్కడ పడుతుంది?

క్లౌడ్‌లోకి డేటా పంపడానికి సాధారణంగా రుసుము ఉండదు. బయటకు తెచ్చుకునేటప్పుడే మీటర్ తిరుగుతుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ ముంబై కేంద్రం నుంచి ఇంటర్నెట్ మీదుగా డేటా తీసుకుంటే, తొలి శ్లాబులో గిగాబైట్‌కు ప్రకటిత ధర దాదాపు 11 అమెరికన్ సెంట్లు. పది టెరాబైట్లకు సుమారు 1,100 డాలర్లు. ఈ ఖర్చు పరిశోధన గ్రాంట్‌లో ముందే రాసి ఉండకపోతే సంస్థకు ఇబ్బందే.

ఇక్కడే పరిశోధన నెట్‌వర్క్ అక్కరకొస్తుంది. 2016లో అమెజాన్ అర్హత గల విద్యా, పరిశోధన సంస్థలకు ఈ ఛార్జీల మాఫీని విస్తరించింది. దానికి గరిష్ఠ పరిమితి నెల మొత్తం బిల్లులో 15 శాతం. బయటకు వచ్చే డేటాలో కనీసం 80 శాతం ఆమోదం పొందిన పరిశోధన నెట్‌వర్క్ ద్వారా రావాలన్నది షరతు. అంటే దారి మారితే వేగంతోపాటు బిల్లూ మారుతుంది. ఐరోపాలో జియాంట్ అనేక దేశాల తరఫున ఉమ్మడిగా టెండర్లు పిలిచి బేరమాడింది. ఒక్కో కళాశాల విడిగా అడిగితే దొరకని షరతులు అందరూ కలిసి అడిగితే దొరుకుతాయి.

తెలుగు రాష్ట్రాలకు సంబంధమేమిటి?

క్లౌడ్ కేంద్రాలు ఇప్పుడు దగ్గరికే వస్తున్నాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం, దాంతోపాటు సముద్రగర్భ కేబుళ్ల ముఖద్వారం నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ద్వీపాల డేటా చెన్నైలో ఒడ్డుకు చేరాక వెళ్లాల్సిన దూరం తక్కువే. ఎన్‌కేఎన్‌తో నేరు లింకులు, ఉమ్మడి ధరల ఒప్పందం తోడైతేనే ఆ దగ్గరితనం ద్వీపాల్లోని సంస్థలకు పనికొస్తుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కు అండమాన్‌తో విడదీయరాని బంధం ఉంది. 2004 డిసెంబరు 26 విపత్తు తర్వాత ఏర్పాటైన సునామీ హెచ్చరికల కేంద్రం 2007 అక్టోబరు నుంచి అక్కడే పనిచేస్తోంది.

అన్నీ క్లౌడ్‌లోనే పెట్టొచ్చా?

పెట్టకూడదు. భూకంప సంకేతం పరిమాణంలో చిన్నది, కానీ క్షణాల్లో చేరాలి. సముద్రగర్భ కేబుల్ తెగితే మరమ్మతు నౌక రావాలి, అందుకు రోజులు పడుతుంది. కాబట్టి ప్రాణాలకు సంబంధించిన సమాచారానికి ఉపగ్రహ మార్గం, స్థానిక నిల్వ తప్పనిసరిగా ఉండాలి. క్లౌడ్ దారి పెద్ద పరిమాణపు, కొంత ఆలస్యాన్ని ఓర్చుకోగల డేటాకు.

క్లౌడ్ ఒప్పందంపై సంతకం చేసే ముందు ఏ సంస్థ అయినా అడగాల్సినవి మూడు ప్రశ్నలు. మన డేటా ఎన్‌కేఎన్ మీదుగా నేరుగా వెళ్తుందా, వాణిజ్య ఇంటర్నెట్ మీదుగానా? ఐదేళ్ల తర్వాత మొత్తం డేటాను వెనక్కి తీసుకోవాలంటే ఎంత కట్టాలి? కేబుల్ తెగిన రోజు ఏ పని ఆగకూడదు? వీటికి జవాబులు కాగితం మీద ఉంటే, సముద్రం కింద వేసిన ఆ కేబుల్ పరిశోధకులకు నిజంగా అందినట్టు.