పరదా మీది పూత: కల్లం నుంచి వానకోటు దాకా కొన్ని అపోహలు, వాస్తవాలు

కరీంనగర్ నుంచి సిరిసిల్ల మీదుగా కామారెడ్డికి, అక్కడి నుంచి ఎల్లారెడ్డికి పోయే దారిని ఇక్కడ కేకేవై రోడ్డంటారు. యాసంగి కోతలు మొదలైతే ఈ దారి పొడుగునా ఒక పక్కంతా వడ్లే. వాటి కింద ఒక పరదా, పక్కన మడత పెట్టి రాయి పెట్టిన ఇంకో పరదా. మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ ఉరుకుతారు. నెలల కష్టాన్ని ఆ పూట కాపాడేది ఆ టార్పాలినే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే దాని మీద వెంట్రుక కన్నా పలచగా ఉండే పూత. ఆ పూత గురించి, బట్టలకూ దారాలకూ పట్టించే ఇలాంటి రసాయనాల గురించి చాలా మాటలు తప్పుగా చెలామణి అవుతున్నాయి. తప్పు మాట నమ్మి కొన్న పరదా నడి వానలో చిరిగితే నష్టపోయేది రైతే.

అపోహ: పరదా ఒట్టి ప్లాస్టిక్ షీటు. మందంగా ఉంటే చాలు, గట్టిదే.

వాస్తవం: పరదా అంచు పట్టుకుని ఎండకు అడ్డంగా చూడండి. అడ్డం, నిలువు సన్నటి పట్టీలు ఒకదాని మీదుగా ఒకటి పోతూ కనిపిస్తాయి. అది నేతే. గట్టి రకం పాలిథిన్‌ను పట్టీలుగా కోసి సాగదీసి, మగ్గం మీద నేస్తారు. లాగితే తెగకుండా బలమిచ్చేది ఈ నేత. కానీ పట్టీల సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. అందుకే దానికి రెండు వైపులా మెత్తని రకం పాలిథిన్‌ను కరిగించి పూతగా వేస్తారు. బలం నేతది, వాన ఆపే పని పూతది. నేత బాగుండి పూత లేచిపోయినా, పూత బాగుండి నేత చివికినా ఆ పరదా పనికిరాదు. కొనేముందు మూల దగ్గర గోటితో గీకి చూడండి. పొర పొట్టులా లేచి వస్తే పూత నేతకు అతుక్కోలేదన్నమాట.

మందం కన్నా నమ్మకమైన లెక్క బరువు. దుకాణదారు చెప్పే జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు పరదా ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే. 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు పరదా దాదాపు 40 చదరపు మీటర్లు. అది నిజంగా 250 జీఎస్ఎం అయితే పది కిలోల చుట్టుపక్కల తూగాలి. ఐదు కిలోలే తూగితే అది 120 రకం. 250 ధర చెప్పి దాన్ని అంటగడుతున్నారంటే మోసమే. కల్లంలో కాంటా ఎలాగూ ఉంటుంది, ఒకసారి పరదాను కూడా పెట్టి చూడాలి.

బరువొక్కటే చూసినా చాలదు. ఖర్చు తగ్గించుకోవడానికి పాలిథిన్‌లో సుద్దపొడి ఎక్కువ కలిపితే బరువు తగ్గదు, బలం తగ్గుతుంది. అందుకే పాలిథిన్ నేత పరదాలకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 7903 ముద్ర ఉందా అని అడగాలి, బిల్లు మీద జీఎస్ఎం రాయించుకోవాలి. బిల్లు అడిగే హక్కు రైతుకుంది. మొహమాటపడాల్సిన పని లేదు.

అపోహ: పరదా వానకు నాని పాడవుతుంది.

వాస్తవం: పాలిథిన్‌కు నీళ్లతో పేచీ లేదు, పగ ఎండతోనే. ఎండలోని అతినీల లోహిత కిరణాలు పాలిథిన్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంపుతాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ తెగినచోట చేరి పని పూర్తి చేస్తుంది. మొదట రంగు వెలుస్తుంది, తర్వాత మడతల దగ్గర పగుళ్లు పడతాయి, చివరికి చేత్తో నలిపితే పొడి రాలుతుంది. ఏప్రిల్, మే నెలల మన ఎండలో రోజంతా పరిచి ఉంచే పరదాకు ఈ దెబ్బ తొందరగా తగులుతుంది. దీన్ని ఆపడానికి తయారీలోనే ఎండను తట్టుకునే రసాయనాలు కలుపుతారు. అవి కలిపారో లేదో కంటికి కనబడదు. చౌక సరుకులో ముందుగా కోత పడేది వాటికే.

నల్ల పరదా వేడెక్కుతుంది కాబట్టి తొందరగా పోతుందని కొందరంటారు. వేడెక్కే మాట నిజమే. కానీ నలుపునిచ్చే కార్బన్ పొడి అతినీల లోహిత కిరణాలను తనే మింగేసి పాలిథిన్‌ను కాపాడుతుంది. డ్రిప్ పైపులు నల్లగా ఉండటానికి కారణం ఇదే. నీలం, పసుపు పరదాలు కూడా మన్నుతాయి, సరైన మందు సరిపడా కలిపితేనే. నారుమళ్ల మీద షేడ్ నెట్లు కట్టుకునేవాళ్లకు ఇంకో మాట: గంధకం మందులు పదేపదే చల్లితే ఆ ఎండ మందుల్లో ఒక ప్రధాన రకం పనిచేయకుండా పోతుంది. నెట్ ముందే చివికిందంటే ప్రతిసారీ తయారీదారుదే తప్పు కాకపోవచ్చు.

కోతలయ్యాక పరదాను పశువుల కొట్టం మీద కప్పి వదిలేయడం చాలా చోట్ల చూస్తాం. అది వచ్చే పంటకు అక్కరకొచ్చే ఆయుష్షును ఎండకు ధారపోయడమే. దులిపి, ఆరబెట్టి, నీడలో చుట్ట చుట్టి పెట్టాలి. ప్రతిసారీ ఒకే గీత మీద మడిస్తే పూత అక్కడే పగులుతుంది.

అపోహ: వడ్లు కప్పేశాం, ఇక భయం లేదు.

వాస్తవం: పోచారం ప్రాజెక్టు కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి రైతులకు ఇది అనుభవమే. వానను లోపలికి రానివ్వని పూత ఆవిరిని బయటికీ పోనివ్వదు. పచ్చి వడ్లు కుప్పలో కూడా శ్వసిస్తాయి, వేడి పుట్టిస్తాయి. ఆ ఆవిరి పరదా అడుగున చుక్కలై మళ్లీ కుప్ప మీదే రాలుతుంది. రెండు రోజులు కప్పి ఉంచిన కుప్పలో మోచేతి దాకా చేయి పెడితే లోపలి సెగ తెలుస్తుంది. గింజ రంగు మారడం, మొలక రావడం అక్కడే మొదలు. ప్రభుత్వం కొనే వడ్లలో తేమ 17 శాతం మించకూడదు. కప్పడం ఎంత అవసరమో, వాన తెరిపి ఇవ్వగానే విప్పి కుప్పను తిరగేయడం అంతే అవసరం.

అపోహ: కొత్త బట్ట పెళపెళలాడితే నాణ్యమైనది.

వాస్తవం: అదే దారిలో సిరిసిల్లకు పోతే ఈ సంగతి ఏ మగ్గం కార్మికుడైనా చెబుతాడు. మగ్గం మీద పడుగు దారం వేల సార్లు రాపిడి పడుతుంది. నూలు దారానికి పూత లేకపోతే నూగు లేచి తెగుతుంది. అందుకే నేతకు ముందు సైజింగ్ చేస్తారు. చేనేతలో గంజి పెట్టేది ఇందుకే. మిల్లుల్లో పిండి పదార్థాలతో పాటు పాలీవినైల్ ఆల్కహాల్ అనే నీళ్లలో కరిగే పాలిమర్ కూడా వాడతారు. ఇది దారానికి నేత పూర్తయ్యేదాకా ఇచ్చే రక్ష. తర్వాత కడిగేయాలి. కడగకుండా, పైగా ఇంకాస్త గంజి దట్టించి అమ్మే బట్ట దుకాణంలో బిగువుగా ఉంటుంది, రెండు ఉతుకులకు జల్లెడవుతుంది. కొనేటప్పుడు ఒక మూలను రెండు చేతులతో గట్టిగా రుద్ది చూడండి. తెల్లటి పొడి రాలితే మీరు డబ్బులిస్తున్నది గంజికి.

అపోహ: నీటి చుక్క జారిపోతే అది వాటర్‌ప్రూఫ్.

వాస్తవం: దుకాణంలో కోటు మీద నీళ్లు చిలకరించి చూపించే పరీక్ష సగం నిజమే చెబుతుంది. చుక్కను ముత్యంలా జార్చేది దారాల పైన పట్టించిన ఒక మందు. నీళ్లను ఆపేది వానకోటు లోపలి వైపు వేసే పాలీయూరిథేన్ లేదా పీవీసీ పూత. మొదటిది ఉతుకులకు, మురికికి తగ్గిపోతుంది. రెండోది గట్టిగా ఉంటే పైబట్ట తడిసినా ఒంటికి తడి తగలదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తినటువంటి వానలో చిలకరింపు పరీక్ష నెగ్గిన కోటు నిలవాలన్న నియమమేమీ లేదు.

కారేది ఎక్కువగా కుట్ల దగ్గరే. 1823లో చార్లెస్ మెకింటాష్ రెండు బట్టల మధ్య రబ్బరు పొర పెట్టి వానకోటు బట్టకు పేటెంట్ తీసుకున్నప్పుడూ ఇదే చిక్కు. దర్జీ సూది వేసిన ప్రతి రంధ్రం నీటికి దారి ఇచ్చింది. ఇప్పటి మంచి కోట్లలో కుట్ల మీద లోపలి నుంచి టేపు అతికిస్తారు. కోటును తిరగేసి ఆ టేపు ఉందో లేదో చూడటమే అసలు పరీక్ష. తడి కోటును అలాగే మడిచి బండి డిక్కీలో పెడితే కొన్ని రకాల పాలీయూరిథేన్ పూత తేమకు విడిపోయి జిగురవుతుంది. ఆ తర్వాత బాగుచేయడం కుదరదు.

అపోహ: పూర్వం బట్టకు ఏ రసాయనమూ పట్టించేవారు కాదు. గోనె సంచి పూర్తిగా సహజం.

వాస్తవం: మన తేలియా రుమాలునే చూడండి. చీరాలలో, పుట్టపాకలో నూలును ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసికి, ఆ తర్వాతే రంగు వేస్తారు. బూడిదలోని క్షారం, నూనె కలిసి దారం రంగును లోపలికి పట్టుకునేలా చేస్తాయి. ఇంతకన్నా చక్కటి రసాయన శాస్త్రం ఏముంది? 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కలంకారీ బట్టను కరక్కాయ, గేదె పాలలో ముంచడమూ రంగు పాకకుండా చేసే పూతే.

ఇక గోనె. జనపనార పెళుసు, అందుకే మిల్లులో నూనె, నీళ్లు కలిపిన ద్రావణం చల్లి మెత్తబరుస్తారు. మామూలుగా అది ఖనిజ నూనె. తిండి గింజల సంచులకు మాత్రం తవుడు నూనె లాంటివి వాడాలని ప్రమాణాలు పెట్టారు. వడ్ల సంచికి తవుడు నూనె పట్టడం నాకు భలే నచ్చిన సంగతి. అలాగని ప్రతి పూతా మంచిదేనని కాదు. నీళ్లు, నూనె అంటకుండా వాడిన ఫ్లోరిన్ రసాయనాల్లో కొన్ని మట్టిలో, నీళ్లలో, మన ఒంట్లో చేరి ఏళ్ల తరబడి విరగవు. పీఎఫ్ఓఏ అనే రకాన్ని 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చింది. ఏది పూశారన్నదే అడగాల్సిన ప్రశ్న.

అపోహ: మందు పట్టించిన దోమతెర ఒక్క ఉతుకుతో మామూలు తెర అయిపోతుంది.

వాస్తవం: బకెట్లో మందు కలిపి ముంచుకునే పాత పద్ధతికి అది కొంతవరకు వర్తిస్తుంది. ఫ్యాక్టరీలోనే మందును దారంలో కలిపి గానీ, పాలిమర్ జిగురుతో దారానికి అంటించి గానీ తయారు చేసే తెరలు వేరు. లోపలి మందు కొద్దికొద్దిగా పైకి వస్తూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం ప్రకారం ఇవి కనీసం 20 ఉతుకులు తట్టుకోవాలి. మెత్తని సబ్బుతో ఉతికి నీడలో ఆరేయాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ మందులు మనుషులకన్నా చేపలకు ఎన్నో రెట్లు విషం. చెరువు గట్టు మీద, కాలువలో ఈ తెరలు ఉతకొద్దు. ఉతికిన నీళ్లను బావికీ చెరువుకీ దూరంగా మట్టిలో గుంట తీసి పోయాలి. పాత తెరను చేపలు పట్టడానికి అసలే వాడొద్దు.