పరిశ్రమ పెట్టగోరు యువకులు ముందుగా వేసికొనవలసిన లెక్క

మన నిజామాబాదు, బోధను ప్రాంతపు గ్రామములలో చదువుకొనిన యువకులు పలువురు ఉద్యోగమునకై ఎదురుచూచుట మాని, స్వంతముగా పరిశ్రమ నెలకొల్పవలెనని కోరుచున్నారు. ఒకరు బెల్లపు గానుగ అందురు. ఒకరు పసుపు పొడి యంత్రమందురు. మఱియొకరు పాడి పశువులందురు. ఈ కోరిక మెచ్చదగినది. అయితే వారు తెచ్చి చూపు అంచనాలలో ఒక పద్దు తఱచుగా లోపించుచున్నది. రాబడి యెంతయో వ్రాయుదురు గాని, అది చేతికి వచ్చువఱకు ఎన్ని నెలలు నిలువవలెనో వ్రాయరు.

వీరు రైతు బిడ్డలే. చెఱకు నాటినవాడు పది పండ్రెండు నెలలును, పసుపు నాటినవాడు ఎనిమిది తొమ్మిది నెలలును ఓర్చుకొనుట వీరు పుట్టినది మొదలు చూచుచున్నారు. పొలమున నుండు ఆ ఓర్పు పరిశ్రమ విషయమున ఏల ఉండరాదు? మొదటి యేటనే అప్పు తీఱి లాభము మిగులునని తలంచుట, ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమనుట వంటిది.

బెల్లపు గానుగనే తీసికొందము. అంగడిలో కిలో బెల్లము 60 రూపాయలని చూచి యువకుడు ఉత్సాహపడును. అది చిల్లర ధర. గానుగ యజమానికి చేరునది టోకు ధర మాత్రమే. టన్ను చెఱకునకు ఇంచుమించు 100 కిలోల బెల్లము దిగును. 2025–26 సంవత్సరమునకు పంచదార కర్మాగారములు చెల్లింపవలసిన ధరను, నూటికి 10.25 వంతుల పంచదార దిగుబడినిచ్చు చెఱకునకు, క్వింటాలునకు 355 రూపాయలుగా కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. ఆ ధరకే చెఱకు కొన్నచో కిలో బెల్లములో చెఱకు వెలయే 35 రూపాయల 50 పైసలు. కూలి, విద్యుత్తు, మరమ్మతు, వడ్డీ, బాడుగ దానిపై చేరును.

ఇక మఱచిపోవు పద్దును చూడుడు. దినమునకు 5 టన్నులు ఆడు గానుగ యనుకొందము. నెలకు 150 టన్నుల చెఱకు కావలెను. దాని వెల 5,32,500 రూపాయలు. రైతునకు వెంటనే డబ్బు ఈయవలెను. బెల్లము కొన్న వర్తకుడు నెల గడువడుగును. అనగా యంత్రము కొన్న సొమ్ము గాక మఱి అయిదు లక్షలకు పైబడి చేతిలో ఉండినగాని గానుగ రెండవ నెల తిరుగదు. అదియు గాక చెఱకు ఆడు కాలము కార్తికము మొదలు ఫాల్గుణము వఱకే. మిగిలిన ఏడు నెలలును గానుగ ఊరకుండును. బ్యాంకు కిస్తీ మాత్రము ఊరకుండదు.

ప్రభుత్వ రాయితీ ఈ కొఱతను తీర్చునని కొందఱి నమ్మకము. 2020లో ఆరంభమైన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకములో వ్యయమునకు నూటికి 35 వంతులు, 10 లక్షలకు మించకుండ, రాయితీ నిర్ణయింపబడినది. కాని ఆ సొమ్ము మన చేతికి రాదు. అది బ్యాంకులో నిలిచి, మూడేండ్ల పిమ్మట, అప్పు సక్రమముగా నడచుచున్నచో, అప్పునకు జమ యగును. మొదటి మూడేండ్లును మోయవలసినది మనమే.

కొత్త వ్యాపారమేదైన వచ్చినపుడు, సరకును కడపట ఎవరు కొని తిందురో, వాడుకొందురో విచారింపవలెను. ఈము పక్షుల పెంపకమున ఈ విచారణ జరుగలేదు. ముందు చేరినవారు వెనుక చేరువారికి పిల్లలను అమ్మి లాభపడిరి. మాంసమునకు, నూనెకు మాత్రము తగిన గిరాకి లేకుండెను. 2012లో తమిళనాడునందలి పెరుందురైలోని సుసి ఈము సంస్థ కూలినపుడు వేలకొలది జనులు మదుపు పోగొట్టుకొనిరి. మన తెలుగు జిల్లాలలోను ఈము పెంచినవారు మేతకు సైతము గతిలేక బాధపడిరి.

మన బోధను చరిత్రయు ఇచట స్మరింపదగినది. మంజీరపై నిజాంసాగరము 1923లో ఆరంభమై 1931లో ముగిసినది. నిజాము పంచదార కర్మాగారము 1937లో స్థాపితమైనది. నీరు, పిదప చెఱకు, పిదప యంత్రము: ఇది క్రమము. అట్లు కట్టిన కర్మాగారము సైతము 2002లో అధిక భాగము ప్రైవేటు వారి వశమై, 2015 డిసెంబరులో మూతపడినది. అంతటితో ఈ ప్రాంతమున చెఱకు సాగు తగ్గినది. కావున నేడు గానుగ పెట్టువాడు ముందుగా విచారింపవలసినది యంత్రపు వెల కాదు. చెఱకు ఎవరు, ఎన్ని ఎకరములలో, ఎన్నేండ్లు వేయుదురనునది.

నిజామాబాదులో 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. ఇది సంతోషకరము. అయినను అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఉడికించి ఎండబెట్టినచో ఇంచుమించు ఒక క్వింటాలు కొమ్ములే అగునన్న లెక్కను ఏ బోర్డును మార్చజాలదు.

కావున యువకులు ఈ క్రింది విధముగా నడచుకొనుట మేలు. మొదటి కాలమున యంత్రము కొనక, ఇతరుల గానుగలో కూలికిచ్చి కొన్ని టన్నులు ఆడించి, ఆ బెల్లమును తామే అమ్మి చూడవలెను. లెక్కలో గడచిన మూడేండ్లలోని కనిష్ఠ ధరను వ్రాయవలెను. ఒక యేటి కుటుంబ వ్యయమును, రెండు నెలల సరకు వెలను వేఱుగా నుంచుకొనవలెను. తండ్రి భూమినంతయు తాకట్టు పెట్టరాదు. పరిశ్రమ పోయినను పొలము మిగులవలెను. ఒంటరిగా సాధ్యము కానిచో నలుగురైదుగురు కలిసి సంఘముగా పూనుకొనవలెను.

పెద్దలకును ఒక మనవి. కుఱ్ఱవానికి తెలియదని కొట్టివేయకుడు. ముద్దుబిడ్డ అడిగెనని పట్టా కాగితమును అప్పగింపకుడు. అతని అంచనాను సంఘ సమావేశమునకు తెప్పించి, పద్దు పద్దుగా అడుగుడు. డబ్బు రాని నెలలెన్ని, ఆ నెలలు ఎట్లు గడచుననుదానికి సరియైన సమాధానమున్నచో, అతనికి ధైర్యముగా తోడ్పడుడు.