పెట్రోల్ బంక్ కోసం మ్యాప్‌లో వెతుకుతున్నారా? ఆ నాలుగు అంకెలు తారుమారైతే హైదరాబాద్ బదులు ఆర్కిటిక్‌కి వెళ్తారు!

బండి రిజర్వ్‌లో పడింది.. రోడ్డు కొత్తది.. కనుచూపు మేరలో బంక్ లేదు. ఇలాంటప్పుడు అందరూ చేసే పని ఒక్కటే. ఫోన్ తీసి ‘దగ్గర్లో పెట్రోల్ బంక్’ అని వెతకడం. కానీ అడవి దారిలో సిగ్నల్ లేకపోతే ఆ ఆప్షన్ కూడా ఉండదు. అందుకే బయల్దేరే ముందే దారి పొడవునా బంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోవడం మంచిది. అందుకు ఉచితంగా ఒక టూల్ ఉంది. అదెలా పనిచేస్తుంది? ఎక్కడ పొరపాటు జరుగుతుంది? ఇప్పుడు చూద్దాం.

ఏంటీ టూల్?

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గురించి చాలామందికి తెలుసు. వికీపీడియాలాగే దీన్ని కూడా వాలంటీర్లే తయారు చేస్తారు. ఇందులో ప్రతి పెట్రోల్ బంక్‌కు ‘అమెనిటీ=ఫ్యూయల్’ అనే ట్యాగ్ ఉంటుంది. ఆ ట్యాగ్ ఉన్నవాటిని ఏరియా వారీగా వెతికి ఇచ్చేదే ఓవర్‌పాస్ ఏపీఐ. కోడింగ్ రానివాళ్ల కోసం ఓవర్‌పాస్ టర్బో అనే వెబ్‌సైట్ ఉంది. అందులో కావాల్సిన ఏరియాకు మ్యాప్ జరిపి, ‘విజార్డ్’ బటన్ నొక్కి, ఈ ట్యాగ్ టైప్ చేసి రన్ చేస్తే చాలు. స్క్రీన్ మీద కనిపించే ఏరియాలోని బంకులు మార్క్ అవుతాయి.

నాలుగు అంకెల కథ

వెబ్‌సైట్‌లో అయితే ఏరియాను అదే తీసుకుంటుంది. సొంతంగా యాప్ చేసుకునేవాళ్లు మాత్రం ఆ ఏరియాను నాలుగు అంకెల్లో చెప్పాలి. ఓవర్‌పాస్‌లో వరుస ఇదీ.. దక్షిణం, పడమర, ఉత్తరం, తూర్పు. ఉదాహరణకు హైదరాబాద్‌కు 17.2, 78.2, 17.6, 78.7. అంటే దక్షిణం నుంచి ఉత్తరానికి సుమారు 44 కిలోమీటర్లు, పడమర నుంచి తూర్పుకు సుమారు 53 కిలోమీటర్లు ఉండే పెట్టె.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. జియోజేసన్ లాంటి ఫార్మాట్లలో పడమర ముందు వస్తుంది. అక్కడి అంకెలను అలాగే కాపీ చేస్తే 78 అక్షాంశం అయిపోతుంది, 17 రేఖాంశం అయిపోతుంది. ఆ చోటు హైదరాబాద్ కాదు.. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులు! అక్షాంశం 90 లోపే ఉంది కాబట్టి టూల్ ఎర్రర్ కూడా చూపించదు. ‘ఫలితాలు సున్నా’ అని ఊరుకుంటుంది. వాడేవాళ్లేమో హైదరాబాద్‌లో బంకులే లేవా అని తల పట్టుకుంటారు.

బంక్ ఉన్నా కనిపించదెందుకు?

మ్యాప్‌లో కొన్ని బంకులను ఒక చుక్కగా పెడతారు. కొన్నింటిని స్థలం మొత్తం చుట్టి గీస్తారు. చుక్కలను మాత్రమే అడిగితే, గీసిన బంకులు లిస్ట్‌లోకి రావు. అందుకే రెండు రకాలనూ అడగాలి. సీఎన్‌జీ కావాలంటే దాని ట్యాగ్ వేరు. ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ స్టేషన్లు అసలు వేరే కేటగిరీలో ఉంటాయి.

ఇంకో విషయం.. పెట్టెకు రోడ్లు తెలియవు. కృష్ణా నదికి అవతలి ఒడ్డున ఉన్న బంక్ మ్యాప్‌లో పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. వంతెన చుట్టూ తిరిగి వెళ్తే ఎన్ని కిలోమీటర్లో ఈ టూల్ చెప్పదు.

ఖాళీగా వస్తే ఏమని అర్థం?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఫలితం ఖాళీగా వస్తే బంక్ లేదని కాదు.. దాన్ని ఎవరూ మ్యాప్‌లో పెట్టలేదని కూడా కావచ్చు. అలాగే మూతపడిన బంక్ మ్యాప్‌లో ఇంకా కనిపిస్తూ ఉండొచ్చు. పని వేళలు కూడా ఎవరైనా రాస్తేనే ఉంటాయి. నల్లమల మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో రాత్రి ప్రయాణాలపై ఆంక్షలు ఉంటాయి. అలాంటి చోట మ్యాప్‌లో చుక్క ఉంది కదా అని వెళ్తే నడిరోడ్డు మీద ఆగిపోవాల్సి వస్తుంది. అడవిలోకి వెళ్లకముందే చివరి ఊళ్లో ట్యాంక్ నింపుకోవడమే మేలు.

యాప్ చేసే విద్యార్థులు ఏం రాయాలి?

ఇలాంటి టూల్ తయారుచేసేవాళ్లు గైడ్‌లో నాలుగు విషయాలు తప్పకుండా రాయాలి. అంకెల వరుస ఏంటి? ఒకసారి ఎంత పెద్ద ఏరియా అడగొచ్చు? డేటా ఎప్పటిది? ఖాళీ ఫలితానికి అర్థమేంటి? ‘బంకులు లేవు’ అని చూపించే బదులు ‘మా మ్యాప్‌లో బంకులు దొరకలేదు’ అని చూపిస్తే వాడేవాళ్లు జాగ్రత్తపడతారు. డేటా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది అని పేరు వేయడం కూడా లైసెన్స్ ప్రకారం తప్పనిసరి.

మీ ఊరి బంక్ మ్యాప్‌లో లేదా? ఉచితంగా అకౌంట్ తెరిచి మీరే పెట్టొచ్చు. ఆ ఒక్క చుక్క.. రేపు ఆ దారిలో రిజర్వ్‌లో వచ్చే మరొకరికి పనికొస్తుంది.