వెలగని దీపం

ఈమధ్య నేనొక సెకండుహ్యాండు కారు కొన్నాను. "ముందు రెండు ఎయిర్‌బ్యాగులున్నాయి. గుండెమీద చెయ్యి వేసుకుని నడపండి" అన్నాడు అమ్మినాయన. నెల్లాళ్ళు అలాగే నడిపాను.

ఆయిలు మార్పిద్దామని విజయనగరంలో ఓ షెడ్డు దగ్గర ఆపాను. మేస్త్రి తాళం తిప్పి, మీటరు వంక చూసి, "ఏటి బాబూ, ఎయిర్‌బ్యాగు దీపం వెలగదేటి?" అన్నాడు.

"వెలగకపోతే మంచిదేగా!" అన్నాను.

అతను నవ్వాడు. తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలట. ఆరకపోతే జబ్బున్నట్టు. అసలు వెలగకపోతే, జబ్బును ఎవరో దాచారని అనుమానించాలట.

స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఒకటుంటుంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి చేసిన ఆ ఏర్పాటే మన కార్లలోకీ వచ్చింది. దానికి స్కానరు తగిలిస్తే కారులోని కంట్రోలు పెట్టెలు పలుకుతాయి. చవక స్కానర్లు చాలావరకు ఇంజనుతోనే మాట్లాడతాయి. ఎయిర్‌బ్యాగు పెట్టెను పలికించాలంటే దాని భాష తెలిసినది కావాలి. సాధారణంగా గేరు దగ్గర నేలకు బిగించి ఉండే ఆ పెట్టే, కారు గుద్దుకున్నప్పుడు రెప్పపాటులో సంచి ఉబ్బేట్టు చేస్తుంది.

మేస్త్రి పెద్ద స్కానరు తెచ్చి, కారు మోడలు, సంవత్సరం ఎంచి, 'ఎస్.ఆర్.ఎస్.' అన్నచోట నొక్కాడు. పెట్టె పార్టు నంబరు, దాంతోబాటు ఛాసిస్ నంబరు వచ్చాయి. అన్ని పెట్టెలూ ఛాసిస్ నంబరు చెప్పవట, ఇది చెప్పింది. నా ఆర్.సి. తీసి పోల్చాం. రెండూ వేరు! కింద ఇంకో ముక్క: అందులో యాక్సిడెంటు రికార్డయి ఉంది.

అంటే, ఎక్కడో గుద్దుకున్న మరో కారు పెట్టె నా కారులో కూర్చుంది! మీటరు విప్పితే దీపంమీద నల్లటేపు. ఆ బండిలోనే మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, లారీల మధ్య శ్రీకాకుళం నాలుగుసార్లు వెళ్ళొచ్చాను.

"ఆ కోడు చెరిపేస్తే పోదా?" అన్నాను.

"చెరిపితే మాట పోద్ది గానీ, రోగం పోదు కదేటి బాబూ!"

సంచులు అసలు ఉన్నాయో లేవో ముందు చూశాడు. అదృష్టం, ఉన్నాయి. నా ఛాసిస్ నంబరు చెప్పి, దానికి తగిన కొత్త పెట్టె తెప్పించాం. బ్యాటరీ తీగె విప్పాక కూడా పెట్టెలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుందట. ఆగి, అప్పుడు విప్పాడు. బాణంగుర్తు ముందుకు ఉండేట్టు కొత్తది బిగించి, స్కానరుతో నా కారు వివరాలు ఎక్కించాడు.

మన దేశంలో డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. కాని సంచి ఉండటం వేరు, సమయానికి విచ్చుకోవడం వేరు. పాత బండి కొనేవారు రంగు చూసేముందు, తాళం తిప్పి ఆ దీపం చూడండి. వెలగాలి, ఆరాలి. తర్వాత స్కానరు పెట్టించి, పెట్టె చేత దాని పేరు చెప్పించండి.