మీ గ్రామపు కైఫీయతును ఎవరు వ్రాయవలెను?

గ్రామములకు వెళ్ళినపుడు మేము పెద్దలను ఒక ప్రశ్న అడుగుచుందుము: "ఈ చెరువు త్రవ్వించినదెవరు? ఈ బడికి స్థలమిచ్చినదెవరు?" తరచుగా వచ్చు సమాధానము ఒక్కటే: "ఎవరో మహానుభావుడండి. మా తాతకైతే తెలిసియుండును." ఆ తాతగారు నేడు లేరు. ఆయనతోపాటు ఆ దాత పేరును పోయినది.

జనన మరణముల రిజిస్టరులో మనిషి పుట్టిన తేదీ యుండును, గతించిన తేదీ యుండును. ఆ రెండు తేదీల నడుమ అతడు ఊరికి చేసిన మేలు మాత్రము అందులో ఉండదు. ఈ లోటును తీర్చుట పంచాయతీకి అసాధ్యము కాదు. మన పూర్వులు చూపిన మార్గమొకటి కలదు.

కైఫీయతు అనగానేమి?

కైఫీయతు అనగా స్థితిగతుల వివరణము. గ్రామమునకు ఆ పేరెట్లు వచ్చినది, ఎల్లలేవి, గుడి కట్టించినదెవరు, చెరువునకు మాన్యమిచ్చినదెవరు, ఏయే ప్రభువులు ఏలిరి అను సంగతులు అందులో ఉండును. పూర్వము కరణములు తమ దండకవిలెలలో ఇట్టి వివరములను తరతరములుగా వ్రాసియుంచెడివారు.

ఈ వివరములను సేకరింపజేసినవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లండు దేశీయుడైన ఈయన 1783లో మద్రాసు చేరి, 1815లో భారతదేశమునకు తొలి సర్వేయర్ జనరల్ అయ్యెను. అయితే దేశభాషలు తెలియని ఆయనకు కన్నులు, చెవులు అయినవారు మన ఏలూరు సోదరులు, కావలివారు. పెద్దవాడైన వెంకట బొర్రయ్య శాసనములు చదువుటలో దిట్ట. ముప్పది యేండ్లయినను నిండకమునుపే 1803లో ఆయన కన్నుమూయగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని చేపట్టెను. మరియొక సోదరుడు వెంకట రామస్వామి దక్కను కవుల జీవితములను ఆంగ్లమున వ్రాసి 1829లో కలకత్తాలో ప్రకటించెను.

మెకంజీ 1821లో మరణించెను. సేకరణను కొనసాగింపనిండని లక్ష్మయ్య కోరగా ఆనాటి ప్రభుత్వము సమ్మతింపలేదు. పని ఆగినది. సేకరించిన కాగితములు జీర్ణించుచుండగా సి. పి. బ్రౌను దొర తెలుగు కైఫీయతులకు నకళ్ళు వ్రాయించెను. అవి 62 సంపుటములైనవి. ఆ నకళ్ళే లేకున్నచో అనేక గ్రామముల పూర్వ చరిత్ర నేడు మనకు దక్కెడిది కాదు. వ్రాయుట ఎంత ముఖ్యమో, వ్రాసినదానికి మారుప్రతి ఉంచుట అంత ముఖ్యమని ఇందువలన తెలియుచున్నది.

ఎవరి పేరు నిలిచినది?

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజకుమారుడైన భాస్కర భవదూరుడు నిర్మింపజేసెను. 1369 నాటి శాసనము ఆ సంగతిని చెప్పుచున్నది. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, కలుగగూడని ఆరు దోషములను వివరించుచున్నది. వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరనియు, నూరు బండ్లు రాళ్ళు తోలినవనియు తెలుపుచున్నది. లెక్క చెక్కియుంచుట మెచ్చదగినదే. కాని ఆ వేయిమందిలో ఒక్కని పేరైనను మనకు తెలియదు. రాతిపై చెక్కించుట ఖర్చుతో కూడిన పని, అందుచేత ప్రభువుల పేర్లే నిలిచినవి. నేడు కాగితము చౌక. కట్టపై మట్టి మోసిన తల్లి పేరును వ్రాయకుండుటకు మనకు సాకు లేదు.

వ్రాయకున్న కలుగు నష్టమునకు ఒక నిదర్శనము చూడుడు. తెలంగాణములో కవులు లేరని ఒకప్పుడు మాట వచ్చినది. సురవరము ప్రతాపరెడ్డిగారు వాదులాటతో తృప్తిపడలేదు. ఊరూరి నుండి వివరములు తెప్పించి, మూడువందల యేబదికి మించిన కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ మాట అంతటితో పడిపోయినది. కవులు లేకపోలేదు, వారిని గూర్చిన వ్రాత ఒకచోట లేకపోయినది.

కోనసీమలోని లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) రాణి కారు, అధికారి కారు. ఆకలియని వచ్చినవారికి వేళ చూడక అన్నము పెట్టిన గృహిణి. తిన్నవారు చెప్పుకొనిరి, విన్నవారు వ్రాసిరి. కనుకనే 2024లో ఆంధ్రప్రదేశ్ బడులలోని మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టబడినది. ఇట్టి తల్లులు మరి యెన్ని ఊళ్ళలో ఉండిరో ఆలోచింపుడు.

పంచాయతీ చేయదగిన పని

దండకవిలె వ్రాయు ఆచారము ఏనాడో అంతరించినది. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణీకమే రద్దయినది. కావున ఈ బాధ్యతను తలకెత్తుకొనుటకు తగినది నేడు పంచాయతీయే.

1. గట్టి అట్టగల పుస్తకమొకటి తీసికొని పుటలకు అంకెలు వేయుడు. బడి ఉపాధ్యాయునికో, చదువుకొన్న యువతికో వ్రాయుపని అప్పగింపుడు.

2. ముందుగా అందరికంటె వృద్ధులైనవారి యొద్దకు వెళ్ళుడు. వారి మాటను వారి మాటగానే వ్రాసి, చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ చేర్చుడు.

3. కన్నది వేరు, విన్నది వేరు. "చూచితిని" అన్నదానిని, "మా నాయన చెప్పగా వింటిని" అన్నదానిని కలిపివేయరాదు. పాత కైఫీయతులలో పుక్కిటి పురాణములును చేరినవి. వాటిని వేరుచేయుట పండితులకు నేటికిని కష్టముగనే యున్నది.

4. పెద్ద కుటుంబములతో ఆగవలదు. మంత్రసాని, బావి త్రవ్విన వడ్డెర, నీరుకట్టు, తొలి పంతులు, ఊరి తగవులు తీర్చిన పెద్దమనిషి, అన్ని వాడల వారును ఉండవలెను. పొగడ్త తగ్గించి చేసిన పనిని వ్రాయుడు.

5. జీవించియున్నవారిని గూర్చి వారి సమ్మతి లేక వ్రాయరాదు. పాత కక్షలకు ఆ పుస్తకమున చోటీయరాదు.

6. మూడు ప్రతులు ఉంచుడు: పంచాయతీలో ఒకటి, బడిలో ఒకటి, గ్రంథాలయములో ఒకటి. సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీయవచ్చును గాని, వానినే నమ్ముకొనరాదు. చెద, తేమ తగులని బీరువా అవసరము.

పాత శాసనపు రాళ్ళపై సున్నము, రంగు పూయకుండ కాపాడుటయు ఈ పనిలో భాగమే.

దీనికి నిధులు మంజూరు కావలసిన పనిలేదు. ఒక పుస్తకము, ఒక కలము, వారమునకొక సాయంకాలము చాలును. బొర్రయ్యగారు ఊరూర తిరిగి కరణములను ప్రార్థించి తెచ్చిన సమాచారము నేడు మీ అరుగుల మీదనే కూర్చుండియున్నది. అయితే అది ఎల్లకాలము కూర్చుండదు. రానున్న పంచాయతీ సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టి, ఆ వారమే మీ ఊరి పెద్దదిక్కు ఇంటికి ఆ పుస్తకముతో వెళ్ళవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.