ఎవరి గది చలువ వారిదే

బుకిట్ పంజాంగ్ ఎల్.ఆర్.టి.లో పెతిర్, పెండింగ్, బాంగ్కిట్, ఫజార్, సెగార్ మీదుగా ఒక చుట్టు తిరిగొచ్చారా ఎప్పుడైనా? 1999 నవంబరు 6న మొదలైన ఈ లైను సింగపూర్‌లో మొట్టమొదటి ఎల్.ఆర్.టి. ఇళ్ళకి ఎంత దగ్గరగా పోతుందంటే, వాళ్ళింట్లో ఏం కూర వండుకుంటున్నారో కూడా తెలిసిపోతుందేమో అనిపిస్తుంది. అందుకే తొలితరం రైళ్ళలో, బ్లాకుల పక్కకి రాగానే కిటికీ అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారిపోయేవి. కొత్తగా ఊరినుంచి వచ్చినవాళ్ళు పొగమంచు పట్టిందనుకునేవారు! అద్దం మసకబారేలోగా ఎవరికైనా కనబడేది ఒక్కటే. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా, బట్టలారేసిన వెదురుగడల పక్కన, వరసగా ఏ.సి. బయటి పెట్టెలు.

ఆ పెట్టెల గురించే ఈ నాలుగు మాటలు. మనవాళ్ళలో ఎవరు కొత్తగా ఇల్లు తీసుకున్నా, పాత ఏ.సి. మార్చాల్సి వచ్చినా అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. కిందటేడాది మా ఇంట్లోనూ పాతవి తీసేసి కొత్తవి పెట్టించాం కాబట్టి ఆ వివరాలన్నీ తాజాగా గుర్తున్నాయి.

‘డక్ట్‌లెస్’ అనగానే ఏదో కొత్త సరుకనుకోకండి. మనం స్ప్లిట్ ఏ.సి. అని పిలుచుకునేదే అది. కంప్రెసర్ బయట, చల్లగాలి వదిలే పెట్టె గది లోపల. రెంటినీ కలిపేవి వేలి లావు రాగి గొట్టాలు, వాటితోపాటు ఒక కరెంటు తీగ, ఒక డ్రెయిన్ పైపు. అమెరికాలో ఉండే మన బంధువుల ఇళ్ళలో ఈ పద్ధతి తక్కువ. అక్కడ ఒకేచోట గాలిని చల్లబరిచి, అటక మీదుగా రేకు గొట్టాల్లో ఇల్లంతా పంపిస్తారు. ఆ గొట్టాలు ఎండకి మాడే అటకలో ఉంటే, అతుకుల్లో కారిపోయి, దారిలో వేడెక్కి, చల్లదనానికి ఖర్చుపెట్టిన కరెంటులో 30 శాతం పైగా వృథా కావచ్చని అక్కడి ఇంధనశాఖే చెబుతుంది. డల్లాస్‌లో ఉండే మా ఆడపడుచు ఇంట్లో హాల్లో ఒక్కటే థర్మోస్టాట్. దాని మీద ఎవరు చెయ్యేస్తే వాళ్ళదే రాజ్యం! మేడమీద పిల్లలు ఉక్కపోస్తోందంటారు, కింద పెద్దవాళ్ళు దుప్పట్లు కప్పుకుంటారు.

మన హెచ్.డి.బి. ఇళ్ళకి అటకా లేదు, గొట్టాలు దాచేంత ఎత్తూ లేదు. నెత్తిమీద కాంక్రీటు పలక, దానిమీద పై ఇంటివాళ్ళ గచ్చు. కాబట్టి ఇక్కడ గదికొక పెట్టె అన్నది ఎవరో ఆలోచించి ఎంచుకున్న విలాసం కాదు, ఇల్లు కట్టిన తీరే అలా నిర్ణయించింది. ఆ నిర్ణయం మనలాంటి కుటుంబాలకి బాగా కలిసొచ్చిందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

మా మావయ్యగారు ఏడాదికోసారి గుంటూరు నుంచి వచ్చి మాతో మూడు నాలుగు నెలలుంటారు. డెబ్భై దాటిన మనిషి. రోహిణి కార్తెలో కూడా అరుగుమీద కూర్చుని పేపరు చదివినవారాయన. “నలభై అయిదు డిగ్రీలు చూసిన ఒళ్ళమ్మా ఇది, మీ ముప్ఫై రెండు నన్నేం చేస్తుంది?” అనేవారు. ఆయనకిచ్చింది పడమటి గది. సాయంత్రం దాకా ఎండ తిన్న గోడ రాత్రంతా ఆ వేడిని మెల్లగా లోపలికి వదులుతుంది. ఏ.సి. వేస్తే మోకాళ్ళు పట్టేస్తాయని, బిల్లు పెరిగిపోతుందని వేయనిచ్చేవారు కాదు. ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూముకి లేచి, కళ్ళు తిరిగి గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయారు. దెబ్బేమీ తగల్లేదు, దేవుడి దయ. డాక్టరుగారు బి.పి. మాత్రల పేర్లు చూసి, అందులో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేదనీ, రాత్రిళ్ళు చెమటతో కూడా నీరు పోతోందనీ, పైగా సరైన నిద్ర లేదనీ చెప్పారు. నీళ్ళు ఎంత తాగాలో లెక్క రాసిచ్చి, “గది చల్లగా ఉంచండి” అన్నారు.

ఇక్కడే మనవాళ్ళకి ఒక సందేహం వస్తుంది. 45 డిగ్రీలు తట్టుకున్నవారికి 32 ఎందుకు కష్టం? సింగపూర్‌లో ఇప్పటిదాకా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలే. 1983లో తెంగాలో ఒకసారి, 2023 మే 13న ఆంగ్ మో కియోలో మరోసారి. మన రెంటచింతలవాళ్ళు వింటే నవ్విపోతారు. కానీ ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. హైదరాబాదు వేసవిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టే వట్టివేళ్ళ తడికలూ, కూలర్లూ అక్కడ అంత హాయిగా పనిచేస్తాయి. ఇక్కడ తెల్లవారుజామున గాలిలో తేమ తరచు 90 శాతం దాటుతుంది. అటువంటి గాలిలో చెమట ఆరదు, కూలర్ నీళ్ళూ ఆరవు. ఎవరైనా ఊరి అలవాటుకొద్దీ ఇక్కడ కూలర్ కొంటానంటే ఆపండి, గదిలో తేమ పెంచుకోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

అసలు ఏ.సి. పుట్టిందే తేమ కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుశాలలో కాగితం తేమకి సాగి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడకపోతుంటే, విలిస్ కారియర్ అనే యువ ఇంజనీరు దానికి విరుగుడుగా తయారుచేసిన యంత్రం అది. మనుషుల సుఖం తర్వాతి సంగతి. ఇక లీ క్వాన్ యూ గారైతే, 1959లో ప్రధానమంత్రి అయ్యాక తాను మొదట చేసిన పనుల్లో ప్రభుత్వ కార్యాలయాలకి ఏ.సి.లు పెట్టించడం ఒకటని చెప్పుకున్నారు. ఉష్ణదేశాల్లో ఇది లేకపోతే తెల్లవారుజామునో, సాయంత్రమో తప్ప బుర్ర పనిచేయదని ఆయన నమ్మకం. బీరువాలో పట్టుచీరలకి బూజు పట్టిన ఆడవాళ్ళు కూడా ఆయనతో ఏకీభవిస్తారు.

మావయ్యగారిని ఒప్పించింది మాత్రం కారియరూ కాదు, లీ గారూ కాదు, కాగితం మీద వేసిన లెక్క. పడకగదికి సరిపోయే 9,000 బి.టి.యు. ఇన్వర్టర్ యంత్రం, గది చల్లబడ్డాక సగటున గంటకి 0.4 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకి 96 యూనిట్లు. యూనిట్ 30 సెంట్లనుకుంటే 29 డాలర్ల లోపు. పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే అయితే మూడున్నర డాలర్లు. 29 తక్కువేమీ కాదు, నిజమే. కానీ హాలూ, ఖాళీ గదులూ చల్లబరచక్కర్లేదుగా! మనిషి ఉన్న గదికే ఖర్చు. ఆయన గదిలో 27 పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుతాం. గాలి మోకాళ్ళ మీద పడకుండా రెక్కలు పైకి తిప్పిపెడతాం. పక్క గదిలో మా అబ్బాయి 25 కావాలంటాడు. ఎవరి చలువ వారిదే, తగవు లేదు. ఇప్పుడాయన తెల్లవారేదాకా నిద్రపోతున్నారు.

ఇన్వర్టర్ అంటే మన ఊళ్ళో కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పెట్టె కాదండోయ్. పాతకాలపు కంప్రెసర్ అయితే పూర్తి వేగంతో తిరుగుతుంది, లేదా ఆగిపోతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ అవసరాన్నిబట్టి వేగం తగ్గించుకుని మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. 1980-81లో జపాన్‌లో తోషిబా దీన్ని గది ఏ.సి.లలోకి తెచ్చింది.

దుకాణానికి వెళ్ళాక అసలు పరీక్ష. ఇక్కడ ఒకే బయటి పెట్టెకి రెండు, మూడు, నాలుగు లోపలి పెట్టెలు తగిలించి సిస్టం 2, సిస్టం 3, సిస్టం 4 అని అమ్ముతారు. బయట పెట్టె పెట్టేందుకు ఇచ్చిన అరుగు చిన్నది కాబట్టి ఇది అనుకూలమే. అయితే బయటిది మొరాయిస్తే అన్ని గదులూ ఒకేసారి ఉడుకుతాయి, అది మనసులో పెట్టుకోండి. మాకు తగిలిన ఒక అమ్మకందారు హాలుకి 24,000 బి.టి.యు. తీసుకోమని గంటసేపు నచ్చజెప్పాడు. పెద్దది మంచిదేగా అనిపిస్తుంది. కాదు. గదికి మించిన యంత్రం గాలిని గబుక్కున చల్లబరిచి, తేమ పిండకముందే ఆగిపోతుంది. గది చల్లగా ఉంటుంది, పక్క మాత్రం చెమ్మగా ఉంటుంది. మేం 18,000తోనే సరిపెట్టాం.

2008 నుంచి ఇక్కడ ఏ.సి.లకి కరెంటు పొదుపు లేబుల్ తప్పనిసరి. ఇప్పుడు అయిదు టిక్కులదే అన్నిటికన్నా మెరుగైంది. 2024 ఏప్రిల్ నుంచి హెచ్.డి.బి. కుటుంబాలకి ఇచ్చిన 300 డాలర్ల క్లైమేట్ వోచర్లు అయిదు టిక్కుల ఏ.సి.లకి కూడా వర్తిస్తాయి. అర్హత ముందే చూసుకోండి. లోపలి వాయువు సంగతీ అడగండి. 2022 అక్టోబరు నుంచి భూతాపం ఎక్కువ పెంచే ఆర్-410ఏ వంటివి ఇళ్ళ కొత్త ఏ.సి.లలో అమ్మనివ్వడం లేదు. ఆర్-32 ప్రభావం దాంట్లో మూడో వంతు కంటే తక్కువ.

బిగించేటప్పుడు దగ్గరుండాలి. శిక్షణ పొందిన పనివారినే పిలవాలన్నది హెచ్.డి.బి. నియమం. పదో అంతస్తు నుంచి పెట్టె జారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బాంబ్ షెల్టర్ గోడకి రంధ్రం పొడిచి పైపులు తీసుకెళ్ళడం కుదరదు. మన ఇళ్ళలో అది బియ్యం బస్తాలకీ, ఆవకాయ జాడీలకీ నెలవే అయినా చట్టం దృష్టిలో అది షెల్టరే! పాత ఇళ్ళలో మెయిన్ స్విచ్ 30 ఆంపియర్లదై ఉండొచ్చు, ముందు అది చూపించుకోండి. అన్నిటికంటే ముఖ్యం డ్రెయిన్ పైపు వాలు. లోపల నీళ్ళు కారాయంటే తప్పు చాలావరకు అక్కడే ఉంటుంది.

స్ప్లిట్ ఏ.సి. చేయని పని ఒకటుంది. బయటి గాలిని లోపలికి తీసుకురాదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. 2013 జూన్‌లో పొగ కమ్మి పి.ఎస్.ఐ. 401కి చేరిన రోజుల్లో తలుపులన్నీ మూసుకుని బతికామంటే ఈ గుణం వల్లే. మామూలు రోజుల్లో మాత్రం పొద్దున్నే కాసేపు కిటికీలు తెరవండి. ఇంకో మాట. వంటిల్లు తెరిచి ఉండే ఇళ్ళలో మన తాలింపులు, గారెలు, అప్పడాల నూనెపొగ అంతా హాల్లోని ఏ.సి. జాలీకే చేరుతుంది. ఆ జాలీ రెండు వారాలకోసారి కడగడానికి పనివాడక్కర్లేదు, కుళాయి చాలు.

సర్వీసుకి వచ్చినవారు “గ్యాస్ తగ్గింది, నింపాలి” అంటే వెంటనే తలూపకండి. అది కారులో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఆ చోటు చూపించి, అది మూశాకే నింపమనండి. మాకొకసారి ఒక సర్వీసువాళ్ళు మూణ్ణెల్లలో రెండుసార్లు నింపి రెండుసార్లూ డబ్బు తీసుకున్నారు. మూడోసారి వేరేవాళ్ళొచ్చి సడలిన బిగింపు ఒకటి సరిచేస్తే సరిపోయింది.

మన పక్కనే లేస్తున్న తెంగా కొత్త పట్టణంలో మరో పద్ధతి వచ్చింది. బ్లాకు పైకప్పు మీద నీటిని చల్లబరిచి పైపుల ద్వారా ఇళ్ళకి పంపిస్తారు, ఇంటికొక బయటి పెట్టె అక్కర్లేదు. మన బ్లాకుల గోడలమీంచి ఆ పెట్టెలు వదిలే వేడి పై ఇంటి కిటికీలోకే పోతోంది కాబట్టి ఆ ఆలోచన నాకు నచ్చింది. అయినా అక్కడ కూడా గదిలో గోడకుండేది ఇలాంటి పెట్టే, చేతిలో ఉండేది ఇలాంటి రిమోటే.

ఈసారి గుంటూరు వెళ్ళాక మావయ్యగారు తమ పడగ్గదికి కూడా ఒకటి పెట్టించుకున్నారు. 2023లో డైకిన్, బ్లూస్టార్ రెండూ మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారీ మొదలుపెట్టాయని పేపర్లో చదివి, “మన ఊరి సరుకే కదమ్మా” అని తనను తాను ఒప్పించుకున్నారు. మొన్న ఫోన్ చేసి, రోజూ బక్కెట్టెడు నీళ్ళు కారుతున్నాయి, స్వచ్ఛమైన నీరే కదా, ఇన్వర్టర్ బ్యాటరీలో పోయొచ్చా అని అడిగారు. వద్దని చెప్పాను, దుమ్మూ లోహపు నలుసులూ కలిసుంటాయి కాబట్టి. ఇప్పుడా నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకి పోస్తున్నారు.